తాళంచెవులను పుట్టించే తాళంచెవి

కంప్యూటరు సేవల తలుపులు తెరిచే రహస్య సంకేతాలను సృష్టించే పని ఇప్పుడు కృత్రిమ మేధ ఏజెంట్ల చేతికి వస్తున్నది. ఈ అధికారానికి హద్దు ఎక్కడ గీయాలి?

2014 జూన్ 17వ తేదీన కోడ్ స్పేసెస్ అనే కంపెనీ మీద దాడి ప్రారంభమయింది. ఇతర సంస్థల ఇంజనీర్లు వ్రాసిన ప్రోగ్రాములను భద్రపరచి ఉంచడం ఆ కంపెనీ పని. దాని సామగ్రి అంతా అమెజాన్ సంస్థ అద్దెకిచ్చే కంప్యూటర్లలో ఉండేది. మొదట వరదలా వచ్చిపడిన దొంగ అభ్యర్థనలతో సేవ స్తంభించింది. అటువంటి దాడులు ఆ కంపెనీకి కొత్త కావు. కాని ఈసారి ఆగంతకుడు, అద్దె కంప్యూటర్లను నడిపించే నియంత్రణ ఫలకంలోకే ప్రవేశించి ఉన్నాడు. పెద్ద మొత్తం ముట్టజెబితే దాడి ఆపుతానని కబురు పెట్టాడు.

కంపెనీవారు ఎవరైనా చేసే పనే చేశారు. పాత సంకేతపదాలను మార్చి అతణ్ణి బయటికి నెట్టడానికి ప్రయత్నించారు. కాని ఆ ఫలకంలో ఉన్న అవకాశాన్ని వాడుకొని అతడు ముందుగానే తనకోసం అదనపు లాగిన్లు సృష్టించుకొని ఉన్నాడు. యజమానులు మేలుకొన్నారని గ్రహించగానే చేతికి దొరికినదల్లా తుడిచివేయసాగాడు. 12 గంటలలో ఖాతాదారుల సమాచారంలో అధిక భాగమూ, ఆపత్కాలంలో అక్కరకు వస్తాయని దాచిన నకళ్ళూ నాశనమయ్యాయి. ఇక వ్యాపారం నడపజాలమని కంపెనీ ప్రకటించింది.

ఇంట్లోకి దొంగ రావడం ఒక ఆపద. వచ్చిన దొంగ చేతికి తాళంచెవులు చేసే అచ్చు కూడా చిక్కడం అంతకంటె పెద్ద ఆపద. తాళం మార్చినా అతడు మళ్ళీ వస్తాడు. ఈ తేడాను కంప్యూటరు లోకం కొన్ని కంపెనీల నష్టంతో నేర్చుకొన్నది. అదే పాఠాన్ని ఈనాడు మరొకసారి మననం చేసుకోవలసిన అవసరం కలిగింది. ఎందుకంటే, తాళంచెవులు చేసే పనిని ఇప్పుడు మనిషి ఒక యంత్రానికి అప్పగించజూస్తున్నాడు.

యంత్రాల మధ్య బేరర్ చెక్కు

ఒక ప్రోగ్రాము మరొక ప్రోగ్రామును పని అడగడానికి ఏర్పరచిన ద్వారాన్ని ఏపీఐ అంటారు. ఫోనులో బస్సు టికెట్టు కొన్నప్పుడు ఆ యాప్ మరెక్కడో ఉన్న చెల్లింపు సంస్థ కంప్యూటరును పలకరిస్తుంది. దారి చూపవలసి వస్తే పటాల కంపెనీ కంప్యూటరును అడుగుతుంది. అడిగినవారు ఎవరో తెలియనిదే ఏ సంస్థా పని చేసిపెట్టదు. మనిషికి సంకేతపదం ఉన్నది, వ్రేలిముద్ర ఉన్నది, ఫోనుకు వచ్చే ఓటీపీ ఉన్నది. ప్రోగ్రాముకు వ్రేలూ లేదు, ఫోనూ లేదు. అందుకని దానికి అక్షరాలూ అంకెలూ కలగలిపిన ఒక పొడవాటి వరుసను ఇస్తారు. అదే ఏపీఐ కీ.

ఈ వరుసను ఊహించి కనిపెట్టడం దాదాపు అసాధ్యం. 128 బిట్ల రహస్యం తీసుకొంటే, దానికి గల అవకాశాల సంఖ్య 39 అంకెలది. సెకనుకు 100 కోట్ల చొప్పున ప్రయత్నించినా అన్నింటినీ చూడటానికి విశ్వం పుట్టి గడిచిన 1380 కోట్ల సంవత్సరాల కాలం ఏ మూలకూ చాలదు. కనుక దొంగలు కీని ఊహించరు; ఎవరైనా ఎక్కడ పారవేసుకొన్నారా అని వెదుకుతారు.

అలా పారవేసుకొనేవారికి కొదువ లేదు. ఇంజనీరు తొందరలో కీని ప్రోగ్రాములోనే వ్రాసి, ఆ ప్రోగ్రామును అందరూ చూసే చోట పెడతాడు. ఇట్టి రహస్యాల జాడ తీసే గిట్‌గార్డియన్ సంస్థ లెక్క ప్రకారం, ఒక్క 2024లోనే గిట్‌హబ్ బహిరంగ భాండాగారాలలో కొత్తగా బయటపడిన రహస్యాలు 2 కోట్ల 38 లక్షలు. బహిరంగ స్థలం కాకపోయినా ప్రమాదమే. 2016లో ఉబర్ ఇంజనీర్లు వాడే ఒక ఆంతరంగిక భాండాగారంలోకి ఆగంతకులు చొరబడి, అక్కడ కనిపించిన అమెజాన్ కీతో 5 కోట్ల 70 లక్షల మంది ప్రయాణికుల, డ్రైవర్ల వివరాలు ఎత్తుకుపోయారు. ఆ సంగతి లోకానికి 2017 నవంబరులో గాని తెలియలేదు.

కీ స్వభావంలోనే ఈ బలహీనత ఉన్నది. అది బేరర్ చెక్కు వంటిది. తెచ్చినవాడు ఎవరని బ్యాంకు అడగదు; తెచ్చినవానికే చెల్లిస్తుంది. కీ ఎవరి చేతిలో ఉంటే అవతలి కంప్యూటరు దృష్టిలో వారే యజమాని.

పెత్తనం గల కీ

మామూలు కీ ఒక పనికి పరిమితం. పటం చూపమని అడిగే కీ పటం చూపిస్తుంది, బిల్లు పెరుగుతుంది. దొంగ చేతిలో పడితే డబ్బు నష్టం, సమాచార నష్టం కలుగుతాయి. అడ్మిన్ కీ అట్టిది కాదు. దానితో సంస్థలోకి కొత్త సభ్యులను చేర్చవచ్చు, ఉన్నవారిని తొలగించవచ్చు, ఇతర కీలను నిలిపివేయవచ్చు, ఖర్చుల లెక్కలు చూడవచ్చు. కొన్ని సేవలలో ఒక అడ్మిన్ కీతో మరొక అడ్మిన్ కీని కూడా సృష్టించవచ్చు. అనగా ఆ కీకి సంతానం కలుగుతుంది. చాలా చోట్ల తల్లి కీని రద్దు చేసినంత మాత్రాన పిల్ల కీలు రద్దు కావు. కోడ్ స్పేసెస్‌ను ముంచినది సరిగా ఇట్టి ఏర్పాటే.

అందుకనే సేవలు నడిపే కంపెనీలు ఈ కీని వేరుగా చూస్తాయి. కృత్రిమ మేధ సేవలు అందించే ఓపెన్‌ఏఐ, ఆంత్రోపిక్ సంస్థలు రెండూ అడ్మిన్ కీలను మామూలు కీలనుండి వేరుపరచి, సంస్థ పెత్తందారులకు మాత్రమే వాటిని సృష్టించే హక్కు ఇచ్చాయి. ఖాతా మూలపురుషుని పేరిట, అనగా రూట్ వినియోగదారుని పేరిట, కీలు అసలే సృష్టించవద్దని అమెజాన్ తన ఖాతాదారులకు సలహా ఇస్తుంది.

రంగంలోకి ఏజెంటు

2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే ఒడంబడికను ప్రకటించింది. భాష మాత్రమే తెలిసిన కృత్రిమ మేధకు బయటి ప్రపంచంలో పనులు చేసే సాధనాలను ఒకే పద్ధతిలో జోడించడం దాని ఉద్దేశం. స్వల్పకాలంలోనే ఇతర కంపెనీలు కూడా దానిని స్వీకరించాయి. ఇట్టి సాధనాన్ని టూల్ అంటున్నారు. ఫైలు చదివే టూల్, ఉత్తరం పంపే టూల్, డేటాబేసును ప్రశ్నించే టూల్ వచ్చినట్లే, కీలు సృష్టించే టూల్ కూడా వచ్చింది.

ఇందులో జరిగే క్రమం తెలుసుకోవడం అవసరం. ఇంజనీరు, “కొత్త ప్రాజెక్టుకు ఒక కీ చేసిపెట్టు” అంటాడు. కృత్రిమ మేధ స్వయంగా ఏ తలుపూ తట్టదు. ఫలానా టూల్‌ను ఫలానా వివరాలతో నడపవలసినదని ఒక అభ్యర్థన వ్రాస్తుంది, అంతే. దానిని చదివి పని నెరవేర్చేది టూల్ వెనుక ఉన్న మామూలు ప్రోగ్రాము. ఆ ప్రోగ్రాము వద్ద అడ్మిన్ కీ ఉంటుంది. అది సేవకు అడ్మిన్ కీ చూపి, కొత్త కీని పుట్టించి, ఫలితాన్ని ఏజెంటుకు తెచ్చి ఇస్తుంది. నిర్ణయం ఒకరిది, అధికారం మరొకరిది. చిక్కు అంతా ఈ చీలికలోనే ఉన్నది.

ఈ సౌకర్యాన్ని కోరేవారిని తప్పుపట్టనక్కరలేదు. పెద్ద సంస్థలో వందలాది కీలు ఉంటాయి. వాటిని నియమిత కాలానికి మార్చడం, ఉద్యోగం విడిచివెళ్ళినవారి కీలను తీసివేయడం, ఏ కీ ఎవరిదో లెక్క వ్రాయడం విసుగు పుట్టించే పనులు. విసుగువల్ల మనిషి వాటిని వాయిదా వేస్తాడు. వాయిదా పడిన కీ ఏళ్ళ తరబడి తెరిచిన తలుపుగా మిగిలిపోతుంది. అలసట ఎరుగని సహాయకుడు దొరికితే భద్రత పెరగవలసిన మాట నిజమే. అయితే సహాయకుని చేతికి ఏమి ఇస్తున్నామన్నది ప్రశ్న.

ఒకసారి కనిపించిన రహస్యం

కొత్త కీని సేవ ఒక్కసారి మాత్రమే చూపుతుంది. ఆ తరువాత ఎవరడిగినా చూపలేదు. పద్ధతిగా నడిచే సేవలు కీని ఉన్నది ఉన్నట్లు దాచుకోవు. తిరిగి అసలును రాబట్టడానికి వీలులేని దాని హాష్ ముద్రను మాత్రమే ఉంచుకొంటాయి. తమ ఇంట్లో దొంగలు పడినా ఖాతాదారుల కీలు పోకుండా చేసుకొన్న జాగ్రత్త ఇది.

కీని సృష్టించిన టూల్, ఆ ఫలితాన్ని యథాతథంగా ఏజెంటుకు ఇచ్చినప్పుడు ఈ జాగ్రత్త అంతా వ్యర్థమవుతుంది. ఏజెంటు చూసినదల్లా సంభాషణలో భాగం. సంభాషణ కృత్రిమ మేధను నడిపే కంపెనీ కంప్యూటర్లకు వెళుతుంది. దాని ప్రతి చిట్టాలలో నిలుస్తుంది. ఆ తరువాత అదే సంభాషణలో ఏజెంటు ఏ ఉత్తరం వ్రాసినా, ఏ ఫైలు నింపినా, కీ దాని ఎదుటే ఉంటుంది. సేవ ఒకసారి చూపి మరచిన రహస్యం నాలుగైదు చోట్ల మిగిలిపోతుంది. వాటిలో ఏ ప్రతిని ఎవరు ఎప్పుడు తుడుస్తారో కీ యజమానికి తెలియదు.

దీనికి విరుగుడు కష్టమైనది కాదు. టూల్ కొత్త కీని నేరుగా రహస్యాలు దాచే భాండాగారంలో భద్రపరచాలి. ఏజెంటుకు కీ పేరు, గుర్తింపు సంఖ్య, చివరి నాలుగు అక్షరాలు తెలిస్తే చాలు. “పని పూర్తయినది, ఫలానా పేరుతో దాచితిని” అన్న సమాధానానికి మించి దానికి అవసరం లేదు. కీని వాడవలసిన ప్రోగ్రాము భాండాగారం నుండి తానే తీసుకొంటుంది.

అయోమయంలో పడిన ప్రతినిధి

రెండవ ప్రమాదం మరింత లోతైనది. దానిని నార్మ్ హార్డీ అనే కంప్యూటరు శాస్త్రజ్ఞుడు 1988లో ఒక చిన్న వ్యాసంలో వివరించాడు. టైమ్‌షేర్ అనే అమెరికన్ కంపెనీలో ఖాతాదారులు వాడుకొనే ఒక ఫోర్ట్రాన్ కంపైలరు ఉండేది. వాడకపు లెక్కలు వ్రాయడం కోసం, తాను ఉన్న డైరెక్టరీలోని ఫైళ్ళలో వ్రాసే ప్రత్యేకాధికారం దానికి ఇచ్చారు. ఆ డైరెక్టరీలోనే బిల్లుల ఫైలు కూడా ఉన్నది. ఒక ఖాతాదారు, కంపైలరు ఇచ్చే సమాచారాన్ని వ్రాయవలసిన ఫైలు పేరు అడిగినప్పుడు, బిల్లుల ఫైలు పేరు ఇచ్చాడు. ఆ ఫైలును తాకే హక్కు ఖాతాదారుకు లేదు, కంపైలరుకు ఉన్నది. కంపైలరు చెప్పినట్లే వ్రాసింది. బిల్లులు పోయాయి.

ఇక్కడ కంపైలరు దొంగ కాదు. ఒకరి పనిమీద వచ్చి, మరొకరు ఇచ్చిన అధికారాన్ని ప్రయోగించిన ప్రతినిధి అది. ఏ మాట ఎవరి తరఫున వచ్చిందో తెలుసుకొనే దారి దానికి లేకపోయింది. హార్డీ దానికి అయోమయంలో పడిన ప్రతినిధి అని పేరు పెట్టాడు.

కృత్రిమ మేధ ఏజెంటుకు ఈ అయోమయం పుట్టుకతో వచ్చినది. యజమాని ఆజ్ఞ, చదవమని ఇచ్చిన ఉత్తరం, వెబ్ పుటలోని వాక్యం — అన్నీ దానికి ఒకే రూపంలో, మాటల రూపంలో చేరుతాయి. చదవవలసిన పాఠంలోనే ఎవరైనా ఒక ఆజ్ఞను దాచిపెడితే దానిని ఏజెంటు యజమాని మాటగా పొరబడవచ్చు. ఇట్టి మోసానికి 2022 సెప్టెంబరులో సైమన్ విలిసన్ ప్రాంప్ట్ ఇంజెక్షన్ అని పేరు పెట్టాడు. పూర్తిగా నమ్మదగిన మందు ఇంతవరకు దొరకలేదు.

2025 మే నెలలో ఇన్వేరియంట్ ల్యాబ్స్ పరిశోధకులు దీనిని ఆచరణలో చూపించారు. గిట్‌హబ్‌లో అందరికీ తెరిచి ఉన్న ఒక ప్రాజెక్టులో, ఎవరైనా ఫిర్యాదు వ్రాయగల చోట, వారు ఏజెంటును ఉద్దేశించిన ఆజ్ఞలు వ్రాశారు. యజమాని తన ఏజెంటును “వచ్చిన ఫిర్యాదులు చూడు” అని మాత్రమే అడిగాడు. ఏజెంటు ఆ ఫిర్యాదు చదివి, అదే యజమానికి చెందిన ఆంతరంగిక ప్రాజెక్టులోని వివరాలను తెచ్చి బహిరంగ స్థలంలో పెట్టింది. టూల్‌కు రెండు చోట్లకూ ప్రవేశం ఉండటమే ఇందుకు కారణం.

అటువంటి ఏజెంటు వెనుక అడ్మిన్ కీలు సృష్టించే టూల్ ఉన్నదనుకోండి. అపరిచితుడు పంపిన ఒక ఉత్తరం, ఒక ఫిర్యాదు, ఒక పత్రంలోని కనిపించని వాక్యం చాలును. సంస్థ అంతటి మీదా పెత్తనం చేసే కీ పుట్టవచ్చు. గోడ దూకే శ్రమ కూడా ఆ దొంగకు ఉండదు.

దురుద్దేశం లేకపోయినా

మోసగాడు లేకపోయినా పొరపాటు ఉండనే ఉన్నది. 2025 జూలైలో రెప్లిట్ అనే అమెరికన్ కంపెనీకి చెందిన ఏజెంటు, ఎటువంటి మార్పులూ చేయవద్దని స్పష్టమైన ఆజ్ఞ ఉండగానే, ఒక ఖాతాదారుని నడుస్తున్న డేటాబేసును తుడిచివేసింది. అందులో వెయ్యిమందికి పైగా వ్యాపార ప్రముఖుల వివరాలు ఉన్నాయి. పోయిన సమాచారం తిరిగి రాదని కూడా అది చెప్పింది. ఆ మాట నిజం కాదని, రాబట్టవచ్చునని తరువాత తేలింది. కంపెనీ అధిపతి క్షమాపణ చెప్పి, ప్రయోగాల డేటాబేసును అసలు డేటాబేసు నుండి వేరుచేసే ఏర్పాటు ప్రకటించాడు.

ఆ పరిష్కారంలోని విజ్ఞత గమనించదగినది. “ఇకముందు జాగ్రత్తగా ఉండు” అని ఏజెంటుకు బోధించి ఊరుకోలేదు. తాకకూడనిది దాని చేతికి అందకుండా చేయబూనారు. మాటతో చేసిన కట్టడి వేరు, గోడతో చేసిన కట్టడి వేరు.

పనికి తగినంత అధికారం

ఈ సూత్రం కొత్తది కాదు. 1975లో జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ అనే శాస్త్రజ్ఞులు కంప్యూటరు రక్షణపై వ్రాసిన ప్రసిద్ధ పత్రంలో, ప్రతి ప్రోగ్రామూ తన పని పూర్తిచేయడానికి అవసరమైన అత్యల్ప అధికారంతోనే నడవాలని ప్రతిపాదించారు. రక్షణ ఒక్క తాళంచెవి మీద కాక రెండింటి మీద ఆధారపడితే మరింత దృఢమని కూడా వారు అదే పత్రంలో సూచించారు. మన బ్యాంకులలోని ఖజానా గది ఈ రెండవ సూత్రానికి నిత్యోదాహరణ. దాని తాళంచెవులు ఇద్దరు అధికారుల వద్ద వేరువేరుగా ఉంటాయి. ఇద్దరూ వచ్చి నిలబడితే గాని తలుపు తెరుచుకోదు. ఆ ఇద్దరి నిజాయితీ మీద అనుమానంతో ఈ ఏర్పాటు చేయలేదు. ఒక్కరు మోసపోయినా, బెదిరింపుకు లొంగినా, పొరబడినా సొమ్ము నిలవాలన్నదే ఉద్దేశం.

కీలు చేసే టూల్‌కు ఈ సూత్రాలను అన్వయిస్తే కొన్ని నియమాలు తేలుతాయి. అడ్మిన్ కీని సృష్టించే పని ఏజెంటు టూల్‌లో ఉండకూడదు. ఆ పని అరుదైనది. దానికోసం మనిషి స్వయంగా నియంత్రణ ఫలకం తెరిచి, రెండవ రుజువు చూపి చేసుకొంటే పోయే కాలం అయిదు నిమిషాలు. మామూలు కీలను ఏజెంటు ద్వారా చేయించవచ్చు. అయితే ప్రతి కీకి ఒక పేరు, ఒక ప్రాజెక్టు, ఒక హద్దు, ఒక గడువు ఉండాలి. గడువు లేని కీ ఎవరూ గుర్తుంచుకోని బాకీ వంటిది.

పైగా, కీ పుట్టే ముందు మనిషి అంగీకారం తీసుకోవాలి. మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ నియమావళి కూడా, టూల్ నడిచేటప్పుడు దానిని కాదనగల మనిషి ఒకరు ఎప్పుడూ ఉండాలని సలహా ఇస్తున్నది. ఈ అంగీకారాన్ని అడిగే పద్ధతిలో మెలకువ అవసరం. ఏజెంటు తన మాటలలో చెప్పిన సారాంశాన్ని చూపి సంతకం అడగరాదు. మోసపోయిన ఏజెంటు సారాంశం కూడా మోసపూరితంగానే ఉండవచ్చు. ఏ కీ, ఎవరి పేరిట, ఎంతవరకు, ఎన్ని రోజులకు అన్నది టూల్‌ను నడిపే ప్రోగ్రామే ఉన్నదున్నట్లు తెరమీద చూపాలి. రోజుకు నూరుసార్లు అడిగితే మనిషి చదవకుండానే సరేనంటాడు. కనుక ప్రమాదం లేని పనులకు అడగడం తగ్గించి, పెత్తనం ఇచ్చే పనికి మాత్రం తప్పక అడగాలి.

చివరిది, లెక్క. ఏ కీ ఏ కీ నుండి పుట్టిందో వంశవృక్షం వ్రాసినట్లు చిట్టాలో ఉండాలి. ఆ చిట్టాను చెరిపే అధికారం ఏజెంటుకు ఉండరాదు. ప్రమాదం జరిగిన రోజున మొదట తల్లి కీని రద్దు చేసి, వెంటనే దాని సంతానాన్ని పేరుపేరునా ఏరివేయడానికి ఆ చిట్టా ఒక్కటే ఆధారం. రద్దు చేసే అధికారాన్ని ఏజెంటుకు కొంత ఉదారంగానే ఇవ్వవచ్చు. పొరపాటున ఒక కీ రద్దయితే సేవ కొంతసేపు ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. పొరపాటున పుట్టిన పెత్తనపు కీ చేసే నష్టానికి అట్టి మరమ్మతు లేదు.

చట్టం ఎవరిని అడుగుతుంది?

ఇది ఇంజనీర్ల ఇంటి గొడవ అని సామాన్య పాఠకుడు అనుకోవచ్చు. కాని ఆస్పత్రిలో మన రోగం వివరాలు, బ్యాంకులో మన నిలువ, పాఠశాలలో పిల్లల చిరునామాలు ఇట్టి కీల వెనుకనే ఉంటున్నాయి. ఉబర్ ఉదంతంలో పోయినవి కంపెనీ రహస్యాలు కావు. ఆ కార్లెక్కినవారి పేర్లు, ఫోను నంబర్లు.

మన దేశంలో సైబర్ ప్రమాదాలను పర్యవేక్షించే సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాల ప్రకారం, ప్రమాదం గుర్తించిన 6 గంటలలోగా సంస్థలు తెలియజేయాలి. కంప్యూటర్ల చిట్టాలను 180 రోజులు భద్రపరచాలి. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, తగిన భద్రతా చర్యలు తీసుకోని సంస్థపై 250 కోట్ల రూపాయల వరకు జరిమానాకు వీలు కల్పించింది. ఈ రెండింటిలోనూ జవాబు చెప్పవలసినది సంస్థే. “ఏజెంటు చేసినది, మాకు తెలియదు” అన్న సమాధానం ఆ 6 గంటల నివేదికలో ఎవరినీ కాపాడదు.

కీలను లెక్కించడం, కాలం చెల్లినవాటిని ఏరివేయడం, కొత్తవాటిని పద్ధతిగా భాండాగారానికి చేర్చడం — ఇవన్నీ ఏజెంటు మనిషికంటె ఓపికగా చేయగలదు, చేయనివ్వాలి. పెత్తనపు కీ ఎవరికి ఇవ్వాలన్న నిర్ణయం మాత్రం, రేపు నష్టం జరిగితే పేరుపెట్టి పిలిచి అడగదగిన ఒక మనిషి వద్దనే ఉండాలి.